నన్ను అడగకుండా చెప్పిన సాక్ష్యం

బతికాను. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు కంగారు ఉండదు.

ఇప్పుడు మా చర్చి మెట్ల దగ్గర ఎవరు కనిపించినా నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, దేవుడు మిమ్మల్ని ముట్టాడండీ" అంటున్నారు. పోయిన సంవత్సరం నన్ను ముట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. నూనె చేతులతో ముట్టారు, చేపల కూర వాసనొచ్చే చేతులతో ముట్టారు, చివరికి గ్లవుజులు వేసుకున్న చేతులతో ముట్టారు. వాళ్ళలో దేవుడు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తలాడించి, వందనాలు చెప్పి ఇంటికి వచ్చేస్తాను. ఇంటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కుంటాను.

ఇదంతా రాయడం కొంత నా కడుపుమంట చల్లారడానికి. కొంత, మీలో ఎవరైనా మొగుడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి కడుపు మీద అదుముకుని, పైకి మాత్రం ఆమేన్ అంటూ ఉంటే వాళ్ళ కోసం. నా తెలుగు మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. నేను పుట్టింది పోర్ట్ బ్లెయిర్ పక్కన గరాచర్మలో, చదివింది హిందీలో. శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ ద్వీపంలో స్థిరపడిన మా నాన్న చర్చి పాటలు చూపించి నాకు అక్షరాలు నేర్పాడు. అందుకే కోపంలో కూడా నా మాటలు కాస్త ప్రార్థన లాగే వస్తాయి.

జూన్

వానలు మొదలైన నెలలో తిన్న తర్వాత కడుపులో మెలిపెట్టడం మొదలైంది. ముందు గ్యాస్ అనుకున్నాను. వాము నమిలాను, సోడా తాగాను. కాసేపు పేగులు గుడగుడలాడి, ముడిపడినట్టై, మళ్ళీ వదిలేసేవి. అన్నం తగ్గించాను. చీరకి కుచ్చి ఒకటి ఎక్కువ వచ్చింది. బ్రూక్షాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో తోటి టీచర్లు, "క్యా డైటింగ్ హై మేడం, హమే భీ బతావ్" అని, ఆ డైటింగేదో మాకూ చెప్పమని మెచ్చుకున్నారు. నాకూ కొంచెం సంతోషంగానే ఉండేది.

మా ఆయన పేరు డేనియల్. ద్వీపాల మధ్య తిరిగే ఫెర్రీల్లో ఇంజన్ పని. ఫీనిక్స్ బే జెట్టీలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. చర్చిలో సంఘ పెద్ద కూడా. పెళ్ళైన నాటి నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ చాప వేసి ఇద్దరం కూర్చోవాలి. వాక్యం చదువుకుని ప్రార్థన చేసుకోవాలి. ఆయన చేస్తాడు, నేను ఆమేన్ అంటాను. డ్యూటీలో ఉంటే, సిగ్నల్ దొరికితే, ఫోన్లో చేస్తాడు. వెనకాల ఇంజన్ రొద, ముందు ఈయన రొద. మా అమ్మాయి షీబా పదో తరగతి దాటాక చదువు వంక పెట్టి చాప మీద నుంచి తప్పుకుంది. నేను తప్పుకోలేదు. నిజం చెప్పాలంటే అది నాకు ఇష్టంగా ఉండేది. రోజంతా మాకు ఉప్పూ పప్పూ మాటలే. ఆ చాప మీదే ఆయన గొంతు కొంచెం మెత్తబడేది.

అలాంటి ఒక సాయంత్రమే చెప్పాను, కడుపు బాగాలేదు, ఒకసారి డాక్టరుకి చూపించుకుంటానని.

"ముందు ప్రార్థనలో పెడదాం. అంతలోనే ఆస్పత్రి ఏటి?" అన్నాడు.

ఆయన వైద్యానికి వ్యతిరేకి అనుకోకండి. తన బీపీ మాత్ర మాత్రం పొద్దున్నే మంచినీళ్ళతో వేసుకుంటాడు. ఆ మాత్ర ఏనాడూ ప్రార్థనలోకి రాలేదు. ఇంజన్‌లో చిన్న శబ్దం తేడాగా వినిపిస్తే చాలు, పడవ ఆపించి చొక్కా విప్పి లోపలికి దూరే మనిషి. నా కడుపులో శబ్దం గది అవతలికి వినిపిస్తున్నా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

జూలై

నూనె రాసి ప్రార్థన చేద్దామని పాస్టరుగారిని ఇంటికి పిలిచాడు. ఆయన వెంట సంఘం నుంచి ఓ గుంపు వచ్చింది. అందరికంటే ముందు ఎస్తేరక్క. మహిళా ప్రార్థన కూడికకు నాయకురాలు, పక్కవాళ్ళ ఇంటి విషయాలన్నీ ప్రార్థన మనవుల పేరుతో సేకరించే మనిషి. నన్ను మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. తల మీద చేతులు, భుజాల మీద చేతులు, వీపు మీద చేతులు. బయట వాన, లోపల ఉక్క, చెమట, కొబ్బరినూనె. ఎవరో చేపల కూర కలిపిన చెయ్యి కడుక్కోకుండా నా నుదుటి మీద పెట్టారు. ఆ వాసనకే నాకు వాంతి వచ్చినట్టైంది. నూనె కారి కంట్లో పడింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "కన్నీళ్ళు వస్తన్నాయి, ఆత్మ పని చేస్తంది" అని ఎస్తేరక్క గట్టిగా అంది.

అయిపోయాక పాస్టరుగారు అడిగారు. "ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

ఇంటికి వచ్చినవాళ్ళు కుశలం అడిగితే ఎవరైనా ఏమంటారు? "కొంచెం పరవాలేదండి" అన్నాను. పొయ్యి మీద టీ పొంగుతోంది. వాళ్ళందరికీ పొయ్యాలి.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా చర్చిలో సాక్ష్యం అంటే లేచి నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందు చెప్పడం. మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన లేచాడు. ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని, కన్నీళ్ళతో చెప్పాడు. నా భార్య కడుపునొప్పిని దేవుడు పూర్తిగా తీసేశాడు, మందు లేదు, మాకు లేదు, స్తోత్రం. చప్పట్లు మోగాయి. కీబోర్డు వాయించేవాడు ఓ ముక్క వాయించాడు. ఆడవాళ్ళ వైపు అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఆ నిమిషంలో నా పేగులు తడిబట్ట పిండినట్టు మెలితిరుగుతున్నాయి. నేను కూడా నవ్వాను.

షీబా నా చెవి దగ్గరికి వచ్చింది. "మమ్మీ, నీకు తగ్గిపోయిందా? సచ్చీ?"

"లేదు."

"మరి పప్పా అలా ఎందుకు చెప్తున్నారు?"

ఆయన నన్ను అడగలేదు. శనివారం రాత్రి పక్కన పడుకున్న మనిషి, ఆదివారం పొద్దున్న నేను చేసిన ఇడ్లీ తిన్న మనిషి, "నీకు తగ్గిందా?" అని ఒక్క మాట అడగలేదు.

దాంతో నా పని కుడితిలో పడ్డ ఎలుక చందమైంది. వారం తిరక్కుండా నొప్పి ఎక్కువైంది. ఆస్పత్రికి వెళ్దామన్నాను.

"ఇప్పుడు ఎల్తే జనం ఏటనుకుంటారే? సాక్ష్యం చెప్పీసాం కదా" అన్నాడు.

"నేను చెప్పలేదు. మీరు చెప్పారు."

"అలగనకు కరుణా. అవిశ్వాసం మాట్లాడకు. దేవుడు చేసిన పని నువ్వే పాడుచేసీగలవు."

పోర్ట్ బ్లెయిర్‌లో ఓపీ లైన్లో నిలబడితే ఎవరో ఒక తెలుగువాళ్ళు కనబడక మానరు. మధ్యాహ్నానికి గరాచర్మ అంతా తెలిసిపోతుంది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మా ఇంట్లో పోయే మానం ఆయనది, పోయే ప్రాణం నాది.

ఆ రోజుల్లో చాప మీద ఆయన ప్రార్థన మారిపోయింది. "ప్రభువా, నువ్విచ్చిన స్వస్థతను నిలబెట్టు. నీ దాసురాలికి కదలని విశ్వాసం దయచెయ్యి" అనేవాడు. అంటే నొప్పి మళ్ళీ వస్తే తప్పు నా విశ్వాసానిది. దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, మాట మాత్రం నాకు తగులుతుంది. నేను కళ్ళు తెరిచి ఆయన మూసిన కళ్ళకేసి చూసేదాన్ని. ఆ మొహం అంటే నాకు వెగటు పుట్టింది. తిన్నది బాత్రూములో కుళాయి తిప్పి, ఆ శబ్దంలో కక్కుకునేదాన్ని. ఆయనకు వినపడకూడదని కుళాయి తిప్పిన నా మీద కూడా నాకు రోతే.

ఆగస్టు

ఒకరోజు పొద్దున్న వాంతి ఆకుపచ్చగా వచ్చింది. తర్వాత ఆగలేదు. కడుపు బిగిసి డోలులా అయింది. మా ఆయన పడవ అప్పటికే ఫీనిక్స్ బే వదిలి రంగత్ వైపు వెళ్ళిపోయింది. షీబా ఏడుస్తూ పక్కింటికి పరుగెత్తింది. పక్కింటి షబానా దీదీ వచ్చి వంటింటి గడపలో నా పక్కనే కూర్చుంది. వాంతి తొక్కుకుంటూ వచ్చింది, ముక్కు మూసుకోలేదు.

"దర్ద్ కహా హై దీదీ? హాథ్ రఖ్ కే దిఖావ్" అంది. ఎక్కడ నొప్పో చెయ్యి పెట్టి చూపించమంది. అన్ని వారాల్లో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. చెయ్యి పెట్టి చూపించాను, ఏడుపొచ్చేసింది.

ఆటో పిలిచింది, ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పేగు ఎక్కడో మూసుకుపోయిందనీ వెంటనే కోయాలనీ అన్నారు. ఆపరేషన్ థియేటర్ ముందు బల్ల మీద షబానా దీదీ, షీబా ఇద్దరే ఉన్నారట. దీదీ మాటలేమీ చెప్పలేదట. దిగులు పడకు, దేవుడున్నాడు లాంటివేమీ అనలేదట. సమోసా తెచ్చి తినమందట, తినేదాకా పక్కనే చూస్తూ కూర్చుందట. మా పిల్ల ఆ సమోసా సంగతి ఇప్పటికీ చెబుతుంది.

నాకు మెలకువ వచ్చి తడుముకుంటే కడుపుకి ఓ పక్క సంచి. పేగు కొంత తీసేశారు, చివర పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. కొన్నాళ్ళు మలం అందులోంచే వస్తుంది, తర్వాత మళ్ళీ లోపల కలుపుతారు. పేగుల్లో టీబీ అట. డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిగానే మాట్లాడింది. మర్నాడు వచ్చిన మా ఆయనతో మాత్రం, "ఇత్నే దిన్ క్యా కర్ రహే థే ఆప్ లోగ్?" అంది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని. ఇంకొంచెం ఆలస్యమైతే లోపలే పగిలిపోయేదని కూడా అంది. ఆయన గోడకేసి చూశాడు.

ఆ సంచి గురించి దాచను. ఎర్రటి తడి ముద్ద నా పొట్ట మీద, నా లోపలి ముక్క బయటికొచ్చి కదులుతూ ఉండేది. నా ఇష్టంతో పని లేకుండా పని చేసుకుపోయేది. వాసన దుప్పట్లో, జుట్టులో, అన్నంలో ఉండేది. మా ఆయన మొదటిసారి చూసి గబగబా వరండాలోకి వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చినప్పుడు ముక్కుకు జేబురుమాలు ఉంది.

చర్చి నుంచి వచ్చారు. పాస్టరుగారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దేవుడు వైద్యుల చేతుల ద్వారా కూడా స్వస్థపరుస్తాడమ్మా" అన్నారు. జూలైలో ఆ చేతులు ఎక్కడికి పోయాయో అడుగుదామనుకున్నాను, ముక్కులో గొట్టంతో అంత పొడుగు మాట రాలేదు. ఎస్తేరక్క మంచం మీదికి వంగి, "వచ్చిన స్వస్థత జారిపోయిందంటే ఎక్కడో దాచిన పాపం ఏటో ఉంటాదమ్మా, ఒప్పీసుకో" అని మెల్లగా అంది. సరిగ్గా అప్పుడే సంచిలోకి గాలి పెద్ద శబ్దంతో వచ్చింది. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. ఆ సంచి మీద నాకు ప్రేమ కలిగింది ఆ ఒక్కసారే.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నా చెయ్యి అందుకున్నాడు. "ప్రార్థన చేసుకుందాం." నేను చెయ్యి లాక్కున్నాను.

"నాకు అసహ్యంగా ఉంది."

"సంచీయా? అది కొన్నాళ్ళే కదా..."

"మీ ప్రార్థన."

సెప్టెంబరు, అక్టోబరు

ఇంటికి వచ్చాం. టీబీ మాత్రలకు ఒంటేలు నారింజరంగులోకి మారింది, నోరు ఇనుము నాకినట్టుండేది. షీబా నా గదిలోకి రావడానికి ముందు గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టేది. నాకు తెలియదనుకునేది. దాన్నేమీ అనలేదు, నేనూ అదే చేసేదాన్ని వీలైతే.

సంచి మార్చడం మా ఆయనే నేర్చుకున్నాడు. మొదట్లో పక్కకు తిరిగి డోకేవాడు. తర్వాత చెయ్యి కుదిరింది. చర్మం తుడిచి, ఆరనిచ్చి, అంచు గట్టిగా అతికేలా వేళ్ళతో నొక్కేవాడు. ఇంజన్ పనిలో లాగే మాట్లాడకుండా చేసేవాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన మీద నాకు కోపం తగ్గేది. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఈ రోజైనా చాప వెయ్యనా?" అనగానే మళ్ళీ పొంగుకొచ్చేది.

ఒక సాయంత్రం చెప్పేశాను. "అదే చర్చిలో, అదే చోట నిలబడి, ఆ సాక్ష్యం అబద్ధమని చెప్పండి. అప్పుడు కూర్చుంటాను."

"అబద్ధం కాదు కరుణా. నమ్మి చెప్పాను."

"నన్ను అడిగి చెప్పారా?"

"దేవుడి నామానికి అవమానం అయిపోద్ది" అన్నాడు.

"నా పొట్ట మీద పియ్యి కారుతోందండీ. మీ దేవుడికి అది అవమానంగా లేదా?"

అలాంటి మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ అనలేదు. ఆయన లేచి వెళ్ళిపోయాడు, మర్నాడు పడవ ఎక్కాడు.

ఆ రెండు నెలలూ మా ఇంట్లో చాప పరవలేదు. ముందు గదిలో ఆయన ఒక్కడూ గొణుక్కునేవాడు. నా సంగతి కూడా చెప్పాలి. నేను ఒక్కదాన్నే ప్రార్థన చేద్దామని చాలాసార్లు కళ్ళు మూసుకున్నాను. మాటలు రాలేదు. వచ్చిన ఒకటి రెండూ ఆయన గొంతుతో వచ్చేవి, వెంటనే కళ్ళు తెరిచేసేదాన్ని. పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకంటూ దేవుడితో ఒక్క మాట మిగల్లేదు, అన్నీ ఆయన నోటి మీదుగానే వెళ్ళాయి. ఇక మేమిద్దరం ఎప్పటికీ ఒక చాప మీద కూర్చోమేమో, ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ళలా ముసలివాళ్ళమవుతామేమో అని భయం వేసింది. రోగం కంటే ఆ భయమే ఎక్కువ ఏడిపించింది.

నవంబరు

ఒక ఆదివారం పొద్దున్న నా సంచి మార్చి, చేతులు కడుక్కుని వచ్చి, "చర్చికి నువ్వు కూడా రా" అన్నాడు. చీర కింద సంచి సర్దుకుని వెళ్ళాను. ఆడవాళ్ళ వైపు నా పక్కన కొంచెం ఖాళీ వదిలి కూర్చున్నారు.

సాక్ష్యాల సమయంలో లేచాడు.

"జూలైలో ఇక్కడే నిలబడి నా భార్యకి నయమైందని చెప్పాను. ఆవిడికి నయమవ్వలేదు. నేను ఆవిణ్ణి అడగలేదు. అడక్కుండానే చెప్పీసాను" అన్నాడు.

పాస్టరుగారు మైకు అందుకున్నారు. "స్తోత్రం! దేవుడు సమస్తాన్నీ మేలుకే జరిగిస్తాడు. మన బ్రదర్ తగ్గింపు చూడండి..."

"మేలుకి కాదు అయ్యగారూ" అన్నాడు మా ఆయన. గొంతు పెంచలేదు. "నా మాట నిలబెట్టుకోడానికి ఆస్పత్రికి ఎల్లనివ్వలేదు. చచ్చిపోయేది. మీరెవరూ దీన్ని మేలు అనొద్దు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు సైగ చేస్తే కీబోర్డు వాయించేవాడు పాట ఎత్తుకున్నాడు, అందరూ పెద్ద గొంతుతో అందుకున్నారు. పాట అయ్యేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు, పాడలేదు. బయటికొచ్చాక చెయ్యి కలిపినవాళ్ళు తక్కువ. "మీ ఆయనకి మనసు బాగోలేదేటమ్మా?" అని ఎస్తేరక్క అడిగింది. సంఘ పెద్దగా ఆయన తిప్పే కానుకల పళ్ళెం తర్వాతి వారం నుంచి ఆయన చేతికి ఇవ్వడం మానేశారు. పెద్దరికం తీసేశామని ఎవరూ చెప్పలేదు, ఊరికే ఇవ్వడం మానేశారు. అబద్ధపు సాక్ష్యానికి పెద్దరికం, నిజానికి ఈ శిక్ష. ఆ మనుషులంటే నాకున్న రోత ఆ రోజుతో గట్టిపడింది. ఇప్పటికీ కరగలేదు.

ఆ సాయంత్రమే మేమిద్దరం చాప మీద కూర్చున్నామని మీరు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన చాప వేశాడు కూడా. నేను కూర్చోబోయి, ఆయన కళ్ళు మూసుకోబోతుండగా ఆ మొహం చూసేసరికి లేచిపోయాను. అడిగింది చేశాడు కదా అని మనసుకి ఎంత చెప్పినా వినలేదు. ఆయన చాప చుట్టేశాడు.

ఫిబ్రవరి

మళ్ళీ కోసి పేగు లోపల కలిపారు. సంచి పోయింది. మొదటిసారి మామూలుగా దొడ్డికి వెళ్ళి వచ్చి షీబాకి చెబితే, "మమ్మీ, ప్లీజ్" అని చెవులు మూసుకుని, నవ్వి, మెడ చుట్టూ చేతులేసింది. షబానా దీదీ గిన్నెడు పాయసం పంపింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఒక సాయంత్రం వాన పడుతోంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చాప తెచ్చాడు. పరవలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎలగుంది నీకు?"

"ఎలా ఉంటే ఏం లెండి. మీరు చేసుకోండి."

"తెలీకుండా నేను దేవుడికేటి చెప్పను? చెప్పు. ఎలగుంటే అలగే చెప్పు."

అడిగి ఊరుకోలేదు, జవాబు కోసం నిలబడే ఉన్నాడు. నాకు విసుగొచ్చింది. సరే వినండి అన్నట్టు చెప్పాను. కుట్ల దగ్గర లాగుతోంది. అన్నం తినాలంటే భయం. మీ మీద అసహ్యం ఇంకా పోలేదు, ఎప్పుడు పోతుందో తెలీదు. దేవుడి మీద కూడా చిరాగ్గా ఉంది.

ఆయన చాప పరిచాడు. నేను ఇవతలి చివర కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ పాత గొంతు ఎత్తుకుంటాడేమో, కృపాసత్యాలంటూ మొదలుపెడతాడేమో అని నేను కళ్ళు తెరిచే ఉంచాను.

"ప్రభువా" అన్నాడు, మామూలు గొంతుతో. "కరుణకి కుట్ల దగ్గర లాగతందంట. తినాలంటే భయమంట. నా మీద అసహ్యం పోలేదంట. నీ మీద కూడా చిరాగ్గా ఉందంట."

ఇంకేమైనా కలుపుతాడని చూశాను. కలపలేదు.

ఆమేన్ అన్నాను.